సూదక్క బండికి చేతిగూళ్ళు

చలి అంటే ఏమిటో తెలియాలంటే పొద్దున్నే మోటారు సైకిలెక్కాలి. కిటికీలు బిగించిన గదిలో వేడి కప్పు రెండు చేతులా పట్టుకుని, "అబ్బ, ఏం చలండీ బాబూ!" అనేవాళ్ళకి ఏం తెలుసు దాని సంగతి? వాళ్ళని కాదు, సూదక్కని అడగాలి.

సూదక్క అసలు పేరు ఆ వీధుల్లో ఎవరికీ గుర్తు లేదు. రక్తపరీక్షల ల్యాబులో ఆమె పని, ఇళ్ళకే వెళ్ళి రక్తం తీసుకురావడం. పరగడుపున తియ్యాల్సిన రక్తం కాబట్టి అందరికీ ఆమె తెల్లవారేసరికి గుమ్మంలో ఉండాలి. ముసలివాళ్ళు ఆకలికి ఆగలేరు, ఉద్యోగస్తులు ఆలస్యానికి ఆగలేరు. అందుకని కాలికి బలపం కట్టుకున్నట్టు ఆ పాత మోటారు సైకిలు మీద ఊరంతా తిరుగుతుంది.

ఈ పనిలో కళ్ళకంటే వేళ్ళే ముఖ్యం. మోచెయ్యి పైన రబ్బరు పట్టీ కట్టి, ఎడమచేతి చూపుడువేలితో మెల్లగా నొక్కి చూస్తే, చర్మం కింద నరం మెత్తగా ఎగిరి తగలాలి. ఆ తగలడం తెలియకపోతే ఎంత చదివీ లాభం లేదు. వేలు మొద్దుబారిందా, గుచ్చేది నరంలోనో కండలోనో ఎవరికీ తెలియదు. పైగా మంచుముక్క లాంటి చెయ్యి తగిలితే ఎదుటివాళ్ళ నరాలు భయపడినట్టు లోపలికి పోతాయి.

ఆమె భర్త బండ్లకి సీట్లు కుడతాడు. ఒక చలికాలం పొద్దున ఆమె ఇంటికొచ్చి, తన కోటు గుండీలు తనే విప్పుకోలేక ఆయన ముందు నిలబడింది. ప్రేమ నోటితో చూపించే రకం కాదాయన. "ఈ చేతులు నీకు బరువయ్యాయా? ఎక్కడైనా పారేసి రాకపోయావా!" అని తిట్టాడు. తిట్టి, ఆ సాయంత్రమే రెండు గూళ్ళు కుట్టాడు. పైన గాలి చొరబడని రెక్సిను, లోపల పాత కంబళి ముక్కలు. హ్యాండిలుకి చెరో పక్కా తొడిగితే చేతులు లోపల పెట్టుకుని బ్రేకూ క్లచ్చూ హాయిగా పట్టుకోవచ్చు. అవసరానికి చెయ్యి చటుక్కున బయటికి రావడానికి మూతి వెడల్పుగా వదిలాడు. అప్పట్నుంచి ఎంత మంచులో వెళ్ళినా సూదక్క చేతులు అప్పుడే దుప్పట్లోంచి తీసినట్టుండేవి.

అలా హాయిగా సాగనిస్తే అది లోకం ఎలా అవుతుంది? ల్యాబుకి కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. వచ్చీ రాగానే బయట వరసగా పెట్టిన బండ్ల మీద పడ్డాయి ఆయన కళ్ళు.

"ఏంటమ్మా ఇవి? బండికి సంచులు తగిలించావేంటి?"

"చేతిగూళ్ళు సార్. చలికి."

"తీసెయ్. మన బండ్లన్నీ ఒకేలా కనపడాలి. కస్టమర్ చూస్తే ఏమనుకుంటాడు?"

"బండి నాది సార్."

"దాని మీద స్టిక్కర్ మనది."

ఔరా! అరచెయ్యంత స్టిక్కరు అంటించినందుకు బండీ, బండి మీద మనిషీ, ఆ మనిషి పది వేళ్ళూ కంపెనీవైపోయాయన్నమాట! వాటికి బదులు కంపెనీ గుర్తు అచ్చేసిన గ్లౌజులు ఇచ్చాడు. ఎంత పల్చగా ఉన్నాయంటే గాలి ఇటునుంచి దూరి అటునుంచి పోయేది. ఫోటోలో మాత్రం బ్రహ్మాండంగా ఉండేవి. సూదక్క రెండుసార్లు వెళ్ళి అడిగింది. చలికి వేళ్ళు పనిచెయ్యవు సార్ అని చెప్పింది. "అందరూ నడపట్లేదా?" అన్నాడాయన, అప్పుడే హీటరు పెట్టుకున్న కారులోంచి దిగి. నడుపుతున్నారు, నిజమే. చేతుల్లోకి ఊదుకుంటూ, దారి పొడుగునా ఆగి చంకల్లో పెట్టుకుంటూ, ఆయన్ని తిట్టుకుంటూ నడుపుతున్నారు.

భర్తకి చెబితే ఆయన ముఖం ఎర్రబడింది. "కట్టింది నేను. నా చేత్తో నేను విప్పను. కావాలంటే నువ్వే విప్పుకో" అన్నాడు. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. పళ్ళు కొరుక్కుంటూ సూదక్క తనే విప్పుకుంది.

ఆమె వెళ్ళే ఇళ్ళలో పిచ్చుక అనే చిన్నపిల్ల ఉండే ఇల్లు ఒకటి. వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరు అది. మనిషి కూడా పిచ్చుకంతే. ఏదో మొండి జబ్బు. వారం వారం రక్తం చూస్తే గానీ డాక్టరు మందు మోతాదు చెప్పడు. చేతులు పుల్లల్లా ఉంటాయి. నరం దొరకదు. ముందు వచ్చినవాళ్ళు ఇక్కడో పోటు అక్కడో పోటు పొడిచి ఆ చేతుల్ని తూట్లు చేశారు. గంట మోగితే చాలు, పిల్ల మంచం కిందకి దూరేది. సూదక్క మొదటిసారి వెళ్ళినప్పుడు మంచం పక్కన నేల మీద పడుకుని మాట్లాడింది.

"ఒక్కసారే పొడుస్తాను. తగల్లేదా, నా పెట్టె సర్దుకుని పోతాను. సరేనా?"

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ ఒట్టు మీదే పిచ్చుక చెయ్యి చాపుతూ వచ్చింది. ఒక్కనాడూ రెండో పోటు అవసరం కాలేదు. ఆ నమ్మకం పోతే పిల్ల మళ్ళీ మంచం కిందకి పోతుంది, మందు ఆగుతుంది. ఈ సంగతి సూదక్కకి తెలుసు, అందుకే ఆ ఇంటికి వెళ్ళేటప్పుడు చేతుల్ని పసిపిల్లల్లా చూసుకునేది.

గూళ్ళు విప్పాక వచ్చిన మొదటి పెద్ద చలిలో పిచ్చుక ఇంటి వంతు వచ్చింది. మంచు కళ్ళకి అడ్డం పడుతోంది. సగం దారిలోనే వేళ్ళు ఉన్నాయో లేవో తెలియకుండా పోయింది. వాళ్ళ గుమ్మం ముందు బండి ఆపి, బండ్ల మీద తిరిగేవాళ్ళందరూ చేసే పనే చేసింది. ఎడమ గ్లౌజు ఎలాగో లాగేసి, ఆ చెయ్యి ఇంజను దగ్గర కాచుకుంటూ, కుడి గ్లౌజు పళ్ళతో లాగడం మొదలెట్టింది. దూరంగా పెట్టాననే అనుకుంది. మొద్దుబారిన చేతికి దూరమేది, దగ్గరేది? వేడేది, మంటేది? గ్లౌజు ఊడాక చూసుకుంటే చూపుడువేలూ నడిమివేలూ ఇంజనుకి ఆనుకుని ఉన్నాయి. కొసలు తెల్లగా ఉబ్బాయి.

వెనక్కి వెళ్ళిపోదామా అనుకుంది. లోపల పిల్ల ఆకలితో కూర్చునుంది, అవతల డాక్టరు రిపోర్టు కాగితం కోసం చూస్తున్నాడు. లోపలికే వెళ్ళింది.

"అత్తా, ఇవాళ ఆలస్యం" అంటూ పిచ్చుక చెయ్యి చాపింది.

సూదక్క పట్టీ కట్టింది. నొక్కింది. వేలు మండుతోంది తప్ప కింద ఏమీ తెలియడం లేదు. ఎప్పుడూ దొరికే చోటే కదా అని గుచ్చింది. రక్తం రాలేదు.

పిల్ల ఏడవలేదు. సూది వంకా, అత్త వంకా చూసింది. "ఒక్కసారే అన్నావుగా" అంది.

సూదక్క తల వాలిపోయింది. సూది పక్కన పడేసి, పెట్టె మూసేసింది. రక్తం దొరక్కపోతే సూపర్‌వైజరుకి ఫోను చెయ్యాలని రూలు. పట్టుకోవడానికి వేళ్ళు రాక ఫోను మంచం మీదే పెట్టి స్పీకరు నొక్కింది.

"తగల్లేదు సార్. వేళ్ళు కాలాయి."

"అయితే ఇంకోచోట గుచ్చమ్మా. పిల్లే కదా, వాళ్ళమ్మని గట్టిగా పట్టుకోమను."

సూదక్కా, పిచ్చుకా, పక్కనే నిలబడ్డ తల్లీ ముగ్గురూ విన్నారు. పిచ్చుక మెల్లగా మంచం చివరికి జరిగింది. అది చూసి సూదక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పట్టుకోమంటారా? మీరొచ్చి పట్టుకోండి సార్! కారులో రాకండి, నా బండి మీద రండి, మీరిచ్చిన ఆ గుడ్డపీలికలు తొడుక్కుని రండి. వచ్చి మీ చేత్తో ఈ పిల్ల నరం వెతకండి. నేను రేపట్నుంచి గూళ్ళు కట్టుకునే తిరుగుతాను. స్టిక్కర్ కావాలంటే మీరు పీక్కుపోండి!"

"ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అంటున్నాడాయన. మోచేత్తో నొక్కి ఫోను కట్టేసింది.

పిచ్చుక తల్లి గబగబా తడిగుడ్డ తెచ్చి ఎడమచేతి వేళ్ళకి చుట్టింది. "ఎంత కాలాయక్కా! ఇలాగే వచ్చావా?" అంటూ కళ్ళు తుడుచుకుంది. సూదక్క పెట్టె తీసుకుని లేచింది.

"ఎక్కడికి?" అంది పిచ్చుక.

"ఒట్టు వేశాను కదా తల్లీ. పోవాలి."

పిల్ల ఆ తడిగుడ్డ చుట్టిన వేళ్ళు చూసింది. తర్వాత దుప్పటి ఎత్తి, "ఇటు పెట్టు" అంది. కాలని కుడిచేతిని లాక్కుని తన పొట్ట మీద పెట్టుకుంది. చల్లదనానికి ఒళ్ళంతా జలదరించినా వదల్లేదు. పైన దుప్పటి కప్పి, తన రెండు చేతులూ అదిమిపెట్టింది. ఆకలితో ఆ పొట్ట లోపల గుడగుడమంటోంది. సూదక్క వేళ్ళకి మెల్లగా అది తెలిసింది. ఇంకాసేపటికి పిల్ల ఊపిరి తెలిసింది.

"వేడెక్కాయా?"

"ఎక్కాయి."

"అయితే చూడు" అంటూ రెండో చెయ్యి చాపింది.

ఈసారి కుడిచేతి వేలితోనే వెతికింది. నరం దొరికింది, గొట్టంలోకి రక్తం ఎర్రగా పాకింది. దూది అదిమిపెట్టి, సూదక్క ఇంక ఆపుకోలేక, "క్షమించు తల్లీ, ఇవాళ రెండుసార్లు పొడిచాను" అంది.

"నువ్వు ఒక్కసారే పొడిచావు అత్తా," అంది పిచ్చుక. "ముందుది ఆ ఫోనులో అంకుల్ పొడిచాడు."