సముద్రంలో బండిబాట

మా పెద్దమ్మ సువార్త పదకొండేళ్లు చర్చిలో ప్రభువు బల్ల రొట్టె ముట్టలేదు. దొంగతనం చేసి కాదు, ఎవరి కాపురమో కూల్చి కాదు. డెన్మార్కులో తనకు నచ్చిన చోట్లు ఏవో నలుగురిలో చెప్పినందుకు.

ఆమె సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఆయా. యంత్రాలు బిగించడానికి వచ్చిన యెన్సెన్ దొర ఇంట్లో పాపను పెంచేది. 1936లో దొర కుటుంబంతో స్వదేశానికి వెళ్లిపోతూ, పాప ఆమెను వదలదని ఓడెక్కించుకున్నాడు. కాప్రా చెరువు తప్ప పెద్ద నీళ్లెరగని మనిషి, డెన్మార్కు పడమటి ఒడ్డున రీబే అనే ఊళ్లో ఏడాది పైగా ఉండి వచ్చింది.

వచ్చాక ఊరుకుంటుందా? అక్కడ ఇళ్ల కప్పుల మీద కొంగలు గూళ్లు కట్టుకుంటాయట. ఏటి ఒడ్డున ఒక స్తంభం, ఏ కాలంలో వరద ఎంత ఎత్తు వచ్చిందో దాని మీద గుర్తులు. అన్నిటికంటే పై గుర్తు చెయ్యెత్తినా అందదట. దాని కిందే కూచుని పాపకు అన్నం పెట్టేదట. తుఫాను వెలిసిన మర్నాడు ఫానో దీవి ఇసుకలో ఏరుకున్న తేనెరంగు రాయి ఒకటి చూపించేది. మోండా మార్కెట్లో సాంబ్రాణి గడ్డ కొని మభ్యపెడుతోందని అందరూ నవ్వేవారు.

ఆమెకు అన్నిటికన్నా నచ్చింది మాండో దీవికి వెళ్లే బాట. ఆ బాట సముద్రంలో ఉంది. రోజుకు రెండుసార్లు నీళ్లు వెనక్కి తగ్గుతాయి, అప్పుడు గుర్రపుబండిలో సముద్రం అడుగు మీదే దీవికి వెళ్లి రావచ్చు. ఈ ముక్కను పెద్దమ్మ వీధిలో చెప్పినా సరిపోయేది. స్త్రీల సమాజంలో సాక్ష్యంగా చెప్పింది. మా సంఘంలో సాక్ష్యమంటే దేవుడి ముందు చెప్పిన మాట. అందులో అబద్ధముంటే సంఘం ముందు ఒప్పుకోవాలి, లేకపోతే బల్ల లేదు.

సంఘపెద్ద జకర్య రైల్వేలో గుమాస్తా. ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చూసే రకం.

"సువార్తమ్మా, మోషేకు సుత సముద్రం ఒక్కసారే పాయలైంది. నీకు దినాం రెండుసార్లయితదా?" అన్నాడు.

"నాకు గాదు జకర్యన్నా, ఆ ఊరోళ్లందరికీ అయితది," అంది పెద్దమ్మ.

అంతే, ఒప్పుకునేదాకా బల్ల లేదని సంఘం తీర్మానం రాసేసింది. పెద్దమ్మ చెప్పాల్సిన ఒప్పుకోలు మాటలు కూడా జకర్యే రాసిపెట్టాడు. దొరకు ఉత్తరం రాసి అడుగుదామని నేనంటే పెద్దమ్మ కస్సుమంది. "నేను చెప్పినంక ఇంకొకల మాటెందుకు?" ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్లు మండేది.

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చింది. రైళ్లు ఆగిపోయాయి. ఏ గంటలో ఏమవుతుందో తెలియక మేమంతా పిల్లాజెల్లతో చర్చిలో తలదాచుకున్నాం. మూడో రోజు పాస్టరుగారు, అందరం బల్ల తీసుకుందాం అన్నారు. జకర్య వచ్చి పెద్దమ్మ ముందు నిలబడ్డాడు. పాపం, అతని కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

"రేపుంటమో లేమో తెల్వది. తప్పయిందని ఒక్క మాట అను, సువార్తమ్మా. నిన్నిట్ల వదిలేసుడు నాకు తక్లీఫ్‌గ ఉంది."

"చచ్చే ముందర నన్ను అబద్ధమాడమంటున్నవా అన్నా?"

నేను ఆమె చెవిలో, "అనరాదు పెద్దమ్మా, ఒక్క మాటే గద," అన్నాను.

"నువ్వు సుత నమ్మవా మేబెల్?"

నేను టీచరు ట్రైనింగు చదివినదాన్ని. అట్లాసులో ఆ దీవి కోసం వెతికి, కనబడక అట్లాసునే నమ్మినదాన్ని. రొట్టె పళ్లెం మా బెంచీ దాటిపోతుంటే పెద్దమ్మ చేతులు ఒళ్లోనే ఉంచుకుంది. నేనది చూశాను, చూసి రొట్టె తిన్నాను. ఆ సిగ్గు నాకింకా ఉంది.

శనివారం సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. మేం ఇళ్లకు పోయాం. తర్వాత ఫిబ్రవరిలో, మళ్లీ బల్ల ఆదివారం, ఆరాధన మధ్యలో తలుపు దగ్గర ఒక నెరిసిన జుట్టు దొర, పక్కన పొడుగాటి ఆడపిల్ల కనబడ్డారు. మళ్లీ యంత్రాల పని మీద వచ్చిన యెన్సెన్ దొరకు పెద్దమ్మ ఇల్లు తెలియదు, ఆమె చర్చి తెలుసు. ఆ పిల్ల బెంచీల మధ్య నుంచి గబగబా వచ్చి పెద్దమ్మను పట్టుకుని వదల్లేదు.

పాస్టరుగారు దొరను మాట్లాడమని, నన్ను తెలుగు చెప్పమన్నారు. జకర్య లేచాడు.

"ముందుగాల ఒక్కటడుగు మేబెల్. సముద్రంలో బండిబాట ఉన్నదా?"

ఉందన్నాడు దొర. రోజుకు రెండుసార్లు తేలుతుంది. ఆ బాట మీదే తాను చావబోయాడు. బండిలో పాప, ఆయా ఉండగా పొగమంచు కమ్మింది. దీవి దగ్గరే ఉందనుకుని తాను ముందుకే తోలుతున్నాడు. చక్రాల గాడిలో నీళ్లు కదలడం, అంటే సముద్రం తిరిగి వస్తుండటం, ఆయా చూసింది. వద్దంటే తాను వినలేదు. ఆమె దూకి, పాపను చంకనేసుకుని, గుర్రం కళ్లెం పట్టి వెనక్కి తిప్పింది. బాటకు గుర్తుగా పాతిన కొమ్మలు ఒక్కొక్కటే తడుముకుంటూ, మోకాలి లోతు నీళ్లలో ఒడ్డుకు నడిపించింది. "ఈ పిల్ల అందుకే బతికుంది," అన్నాడు.

ఆ మాట తెలుగులో చెప్పి నేను పెద్దమ్మ వైపు తిరిగాను.

జకర్య ముందుకొచ్చాడు. పదకొండేళ్ల కింద పెద్దమ్మ కోసం తానే రాసిన ఒప్పుకోలు మాటలను ఒక్కటి తప్పకుండా తానే చెప్పాడు. సంఘం ముందు తలవంచాడు.

"ఇంత కథ ఉంటే మాకెందుకు చెప్పలే పెద్దమ్మా?" అన్నాను.

"బాటే నమ్మనోళ్లు, దొరను నేను నడిపిచ్చిన్నంటే నమ్ముతరా?" అంది పెద్దమ్మ.

కొంగు సర్దుకుని, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, అందరికంటే ముందు బల్ల దగ్గరికి నడిచింది. జకర్య పక్కకు జరిగి దారిచ్చాడు.