సాంచాలు ఆగిన ఆదివారం

కరెంటు స్తంభం మీది నుంచి పడ్డప్పుడు నాకు ముప్పై తొమ్మిదేళ్లు. లైన్‌మన్‌ని, సుల్తానాబాద్ అవతల వరి పొలాల్లో తెగిన తీగ కలుపుతున్నాను. లైను ఆపించాను, నిచ్చెన సరిగ్గానే వేసుకున్నాను. నడుముకున్న బెల్టు మాత్రం స్తంభానికి తగిలించలేదు. రెండు నిమిషాల పనే కదా అనుకున్నాను. తప్పు నాదే. గట్టు మీద పడితే తుంటి, కుడి తొడ ఎముక విరిగాయి.

కరీంనగర్‌లో తొడలో రాడ్డు వేశారు. మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. కుట్లలో చీము పట్టింది, రెండోసారి కోయాల్సి వచ్చింది. అలా మూడు నెలలు ఏడు నెలలయ్యాయి.

ఆ ఏడు నెలలూ మా ఇంటి వెనక గదిలోనే ఉన్నాను. దానికి ఒకటే కిటికీ. కిటికీ అవతల సన్నని సందు, సందు దాటితే పక్కింటివాళ్ల రేకుల షెడ్డు, అందులో నాలుగు సాంచాలు. మరమగ్గాలను మా వైపు అలాగే అంటారు. పొద్దున మొదలైన చప్పుడు పొద్దుగూకేదాకా గోడలోంచి మంచంలోకి, మంచంలోంచి నా ఎముకల్లోకి వచ్చేది. ఆ నేతన్న మంచివాడు. కొన్నాళ్లు ఆపమంటే ఆపుతానని వచ్చి అడిగాడు కూడా. వాళ్ల తిండి వాటి మీదే. ఆపొద్దన్నాను.

నా భార్య పొద్దున్నే అంగన్‌వాడీకి పోయేది. నన్ను చూసుకున్నది మా బాపు, మా నాన్న. డెబ్బై ఏళ్ల మనిషి, జీవితమంతా నాట్లలో, కోతల్లో కూలి చేసినవాడు. నా కింద పళ్లెం పెట్టి తీసేవాడు, నా ఒళ్లు తుడిచేవాడు. మొదట్లో సిగ్గుతో కళ్లు మూసుకునేవాణ్ని. తర్వాత సిగ్గు కూడా పోయింది.

మా చర్చి సంఘం వాళ్లు వారం వారం వచ్చి ప్రార్థన చేసేవారు. పోయేముందు ఒక్కొక్కరూ ఒకే మాట చెప్పేవారు.

"దేవునికి నీ మీద ఏదో ఉద్దేశమున్నది తమ్మీ. ఫికర్ చెయ్యకు."

వినడం ఇష్టం లేనివాడు లేచి బయటికి పోతాడు. నేను లేవలేను. తల ఊపి, వాళ్లు వెళ్లాక పళ్లు కొరుక్కునేవాణ్ని.

ఒకరోజు బాపు నా పాదాలు తుడుస్తుంటే అడిగాను.

"బాపూ, గా ఉద్దేశమేందో నీకేమన్న ఎర్కనా?"

"నాకెర్క లేదు బిడ్డా."

"మరి వాళ్లకెట్ల ఎర్కయింది?"

"వాళ్లకు గూడ లేదు. నిన్ను సూసి ఏం మాట్లాడాల్నో తెల్వక అంటున్నరు."

"మరి నువ్వు నమ్ముతున్నవా?"

బాపు గుడ్డ పిండి బకెట్ అంచు మీద వేశాడు. "నమ్ముత. నిన్ను కన్న మీ అవ్వ పోయిన్నాడు ఎందుకని అడిగిన. ఆయన చెప్పలే. అయినా నమ్మిన."

నాకు ఊరట కలగలేదు, కోపమొచ్చింది. ముఖం గోడవైపు తిప్పుకున్నాను. నేను తిప్పుకోగలిగింది ముఖం ఒక్కటే.

తర్వాత కొన్ని వారాలకు ఒక ఆదివారం నా భార్య చర్చికి పోయింది. నా ఒళ్లు తుడిచేందుకు బాపు నీళ్ల కోసం పెరట్లోకి వెళ్లాడు. బకెట్ పడ్డ చప్పుడైంది. మంచం మీది నుంచి తలుపు సందులో చూస్తే గచ్చు మీద బాపు కాళ్లు రెండే కనిపించాయి. కదలడం లేదు.

పిలిచాను. పలకలేదు. నా ఫోను ముందు గదిలో ఛార్జింగులో ఉంది. కిటికీవైపు తిరిగి అరిచాను. సాంచాల చప్పుడులో నా అరుపు నాకే సరిగ్గా వినిపించలేదు. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఇక ఆగలేక మంచం మీది నుంచి కిందికి జారాను. రాడ్డు దగ్గర ఏదో కదిలింది, కళ్లకు చీకట్లు కమ్మాయి. మోచేతుల మీద పాకుతూ గడపదాకా పోయాను. గడప దాటడం నా వల్ల కాలేదు.

అక్కడినుంచి బాపు ముఖం కనిపించింది. చెవి పక్కన రక్తం. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. నేను ప్రార్థన చేశానని చెబితే అబద్ధమవుతుంది. ఇదేనా నీ ఉద్దేశం అని దేవుణ్ని తిట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను.

అప్పుడు కరెంటు పోయింది. నాలుగు సాంచాలూ ఒక్కసారే ఆగిపోయాయి.

"అన్నా" అన్నాను. మిగిలిన గొంతు అంతే. నేతన్న గోడ దూకి వచ్చాడు. బాపును చూసి, "నువ్వు కదలకు తమ్మీ, నేను తీస్కపోత" అన్నాడు. ఆటో పిలిచి బాపును ఎత్తుకుపోయాడు. నా భార్య వచ్చేదాకా అతని భార్య నా తల దగ్గర కూర్చుంది.

బాపు తలలో రక్తం గడ్డకట్టిందట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. ఎడమ చేయి మాత్రం చచ్చుబడింది. నాకు మూడోసారి ఆపరేషన్ చేశారు. కుడికాలు పొట్టిదైపోయింది.

ఆ పొద్దు కరెంటు ఎందుకు పోయిందని నాతో పనిచేసే అతన్ని అడిగాను.

"యాపకొమ్మ ఇరిగి లైను మీద పడ్డదే. చెరువు మలుపు కాడిది. ఏటా ఎండకాలం నువ్వే కొట్టేటోనివి. ఈసారి ఎవ్వలం కొట్టలే."

ఆ చెట్టు నాకు బాగా తెలుసు. నేను పడకపోతే ఆ కొమ్మ కొట్టేవాణ్ని, ఆ రోజు కరెంటు పోయేది కాదు. కానీ నేను పడకపోతే బాపు నా కోసం నీళ్లకు పోయేవాడే కాదు. ఎన్నిసార్లు ఎటు తిప్పి ఆలోచించినా మొదలుపెట్టిన చోటికే వచ్చేవాణ్ని. మంచంతో పాటు ఇది కూడా నన్ను పట్టుకుంది.

బాపుకు చెప్పాను. "దేవుడే ఆపిండు" అన్నాడు, నత్తినత్తిగా.

"మరి నిన్ను పడేసింది గూడ ఆయనేనా?"

"ఆయన కాడికి పోయినంక అడుగుత" అన్నాడు.

ఏడాది తిరిగాక చంక కర్రతో, బాపును వెంటబెట్టుకుని చర్చికి వెళ్లాను. ఆరాధన మధ్యలో పాస్టరు నన్ను లేపి, దేవుడు నాకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నాడు. అందరూ నావైపు తిరిగారు. ఏం వినాలని కూర్చున్నారో నాకు తెలుసు. అటూ ఇటూ మనుషులు, ముందు బల్ల. ఎటూ పోలేను. నేను పడ్డది, బాపు పడ్డది, కరెంటు పోయింది, పక్కింటి అన్న గోడ దూకి వచ్చింది, అన్నీ చెప్పాను. నేను దేవుణ్ని తిట్టిన సంగతి కూడా చెప్పాను.

"ఎందుకు జరిగిందో నాకు తెల్వదు. గీడికి వచ్చిన. అంతే" అన్నాను.

ఇంకా ఏదో చెబుతానని పాస్టరు ఎదురుచూశాడు. సాక్ష్యం అయ్యాక అందరూ అనే స్తోత్రం ఎవరూ అనలేదు. కూర్చున్నాను. బాపు మంచిగున్న చేత్తో నా కర్ర తీసి పక్కన పెట్టి, నేను కాలు చాపుకోవడానికి కొంచెం జరిగాడు.