అరకు ఈగల పాత సంతతి

మొన్న రిటైరైన లెక్చరర్లమంతా ఒక వ్యాను మాట్లాడుకుని అరకు వెళ్ళాం. భోజనాలయ్యాక ఎవరో పారేసిన అరటితొక్క మీద ఆవగింజంత ఈగలు ముసిరితే పక్కావిడ విసుక్కుని రుమాలు విసిరింది. నేను మాత్రం వంగి, వాటి ఎర్రటి కళ్ళు చూస్తూ ఉండిపోయాను. నా వయసులో మంచి ఏళ్ళన్నీ మింగేసిన ఈగలవి. చదువుకున్నవాళ్ళు మీరు, నవ్వరన్న ధైర్యంతో చెబుతున్నాను.

డెబ్భైల నడుమ నేను విశాఖలో పరిశోధన చేసేదాన్ని. అంతకు పదేళ్ళ ముందు, కొండల్లోకి రైలు కొత్తగా వచ్చిన కాలంలో మా మాష్టారు అరకు దాటి ఒక కొండ ఊళ్ళో, పనసతొనల మీద వాలిన ఈగలని పట్టి తెచ్చి, సీసాల్లో రవ్వా బెల్లం ఉడికించిన మేత మీద తరం తర్వాత తరం పెంచుతూ వచ్చారు. ఇంట్లో శుభకార్యం ఉన్నా సరే, మేత మార్చే వేళకి వచ్చి మార్చి వెళ్ళేవారు. ఆ పాత సంతతినీ, అదే ఊరి నుంచి నేను కొత్తగా పట్టి తెచ్చిన ఈగలనీ కలిపి, రెక్కల పొడవు పిల్లలకి ఎలా సంక్రమిస్తుందో చూడడం నా పని. తేలికే అనుకున్నాం.

తీరా చూస్తే, సీసాలోని పాత ఆడ ఈగకి కొండ మగ ఈగని జతచేసినప్పుడల్లా పిల్లలు కంటికి నిండుగానే పుట్టి, పెరిగి, గొడ్డుపోయేవి. సూదిమొనతో కడుపు విప్పితే అండాశయం ఉండవలసిన చోట దారప్పోగులాంటిది కనబడేది. తల్లి కొండదీ తండ్రి సీసాలోదీ అయితే ఏ లోటూ లేదు. వేసవి వేడి అన్నారు మాష్టారు, మేతలో బూజు అన్నారు, చివరికి నా చెయ్యి సరిగా లేదేమోనని కూడా అనుమానించి తనే కూర్చుని జతచేశారు. చలికాలంలో గొడ్డువి కాస్త తగ్గాయి గాని పోలేదు. ఇన్నేళ్ళు సీసాల్లో మగ్గి పాత సంతతే నీరసించిపోయిందన్నది ఒక్కటే మా ఇద్దరికీ తోచిన కారణం.

"సత్తువ చచ్చిందమ్మాయ్ దీనికి. తీసేద్దాం," అన్నారు ఒక సాయంత్రం. అటెండరు సీసాలు వేణ్ణీళ్ళలో ముంచుతుంటే ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

స్కాలర్‌షిప్ అయిపోయింది, పట్టా రాలేదు, నేను ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి చేరిపోయాను. మాష్టారు రిటైరయ్యారు. ఎనభైల మొదట్లో ఒక సదస్సులో వెనక బెంచీ మీద కూర్చుని ఉండగా, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన ఒకాయన నల్లబల్ల మీద బొమ్మ గీసి మా కథే చెప్పాడు. జన్యువుల మధ్య ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతే తునక ఒకటుందట. ఈగలు జతకట్టడం వల్లనే అది కొద్ది దశాబ్దాల్లో దేశదేశాల అడవి ఈగలన్నిటికీ పాకిందట. దాన్ని మోసే తల్లి అయితే తన గుడ్డులోనే దానికి కళ్ళెం వేసి ఉంచుతుంది, ఆ కళ్ళెం లేని తల్లికి మోసే తండ్రి తగిలితే పిల్లలు గొడ్డుపోతాయి. అది పాకకముందు పట్టి సీసాల్లో దాచిన సంతతులు మాత్రమే దాని బారిన పడలేదట. మా సంతతికి ఏ నీరసమూ లేదు. ఈ కొండల్లో అంటు సోకని చివరి ఈగలు బహుశా అవే.

ఆయన్ని బతిమాలి అలాంటి పాత సంతతి ఆడ ఈగలని కొన్ని తెచ్చుకుని, రెండు వేసవి సెలవులు కొండలెక్కాను. వాటికి అక్కడి మగ ఈగలని జతచేస్తే పుట్టిన కూతుళ్ళు గొడ్డుపోకపోతే ఆ ఊరికి అంటు సోకనట్టే. ఎక్కడో ఒక మూల అలాంటి ఊరు మిగిలి ఉండదా అన్న ఆశ. నాకు ఆశ్రయమిచ్చిన కొండ ఊరి అవ్వ నాకోసం పనసపండు కోసి నీడలో పెట్టి, నా వెర్రి చూసి జాలిపడేది.

"ఏటమ్మా, ఈగల్లో కూడా పాతోళ్ళు కొత్తోళ్ళు ఉంటారేటి? సూత్తే అన్నీ ఒకలాగే ఉన్నాయి గదా."

అరకులో పట్టినవి, కొయ్యూరు అడవి ఊళ్ళలో పట్టినవి, అన్నిటి కూతుళ్ళలోనూ ఎక్కువో తక్కువో గొడ్డువి తేలాయి. సీలేరు మీద చివరి ఆశ పెట్టుకున్నాను. అక్కడి ప్రాజెక్టు కాలనీకీ లారీల్లో పళ్ళ బుట్టలు వస్తూనే ఉంటాయని, బుట్టల వెంట ఈగలూ వస్తాయని నాకు తట్టలేదు. సీలేరు కూతుళ్ళలోనూ గొడ్డువి తేలిన రోజున ఆ సీసా ముందు కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

మాష్టారికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన పడకకుర్చీలో కళ్ళు మూసుకుని అంతా విని అడిగారు.

"ఒక్క సీసా అయినా ఎక్కడైనా ఉండిపోయిందేమో చూశావా అమ్మాయ్?"

"లేదు మాష్టారూ."

"పోనీలే. ఎండన పడి వచ్చావు. మజ్జిగ తాగి వెళ్ళు."

ఆ తర్వాత నేనెప్పుడు వెళ్ళినా ఆయన ఈగల మాట ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఆయనే వెళ్ళిపోయారు.

అరకు మారిపోయిందని ఇప్పుడు అందరూ అంటారు. ఆ రోడ్లూ, ఆ హోటళ్ళూ వేలెత్తి చూపించగలరు, చెట్లు కొట్టేసిన కొండని చూసి అయ్యో అనగలరు. నా దుఃఖానికి చూపించడానికి ఏదీ లేదు. కొండలన్నీ నిండుగా ఉండగానే, రెక్కలో రంగులో ఈషణ్మాత్రం తేడా లేకుండానే, లోపలిది మొత్తం మారిపోయింది. మారకముందు అది ఎలా ఉండేదో తెలిసిన ఇద్దరిలో ఒకరు లేరు. రెండోదాన్ని నేను, నా తర్వాత ఈ సంగతికి దిగులుపడేవాళ్ళు కూడా ఉండరు.