ఒక్కదానికే దొరికిన ఈస్టర్ చాక్లెట్

నా చిన్నప్పుడు ఈస్టర్ అంటే నాకు చాక్లెట్లే. అప్పట్లో మేము నాచారంలో ఫ్యాక్టరీల వెనక రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. మా నాయన జనగామ దిక్కు నుంచి పని కోసం వచ్చినవాడు. మా చర్చి ఒకే ఒక్క గది. వేకువ ఆరాధన ముగియగానే, సండే స్కూల్ చెప్పే మా పక్కింటి అక్క పిల్లలందరికీ గుప్పెడేసి చాక్లెట్లు పంచేది. ఆమె దవాఖానాలో నర్సు. క్రీస్తు లేచాడన్న సంతోషం పెద్దవాళ్లది, చాక్లెట్ల సంతోషం మాది అనుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడు మాత్రం అక్క ఏమీ పంచలేదు. "క్రీస్తు సమాధి కాడికి పోయిన ఆడోళ్లు ఏం జేసిన్రు? ఉరికి పోయి, ఆయన లేచిండని అందరికి చెప్పిన్రు గదా. ఇయ్యాల మీరు గూడ గట్లనే చెప్పాలె. చర్చికి రాలేనోళ్ల ఇండ్లకు ఇద్దరిద్దరు పోండ్రి" అంది.

"చాక్లెట్లెందుకు లేవక్కా?" అని అడిగాను.

"ఊకెనే లేవు. పోండ్రి."

ఆ జవాబు నాకు అంతుపట్టలేదు. అక్క ఎప్పుడూ అలా మాట తుంచేసేది కాదు.

నాకు జోడీగా మా ఎదురింటి పిల్ల పడింది. అది నా దోస్తు. నెల రోజులు పెద్ద దవాఖానాలో ఉండి, బాగా చిక్కిపోయి వచ్చింది. ఏమైందని అడిగితే వాళ్లమ్మ జ్వరమంది. జ్వరానికి నెల రోజులెందుకో కూడా నాకు తెలియలేదు.

గల్లీ చివర కాళ్లు పడిపోయిన ఒక ముసలవ్వ ఉండేది. ఆమెకు చెప్పడానికి ఇద్దరం పరుగెత్తాం. సగం దూరంలో నా దోస్తు ఆగిపోయింది. మొహమంతా చెమట, చేతులు వణుకుతున్నాయి.

"ఏందే, ఏమైంది?" అన్నాను.

"ఇయ్యాల బడి ఉందా?" అంది.

పండుగపూట బడేమిటి? నన్ను ఆట పట్టిస్తోందనుకున్నాను. అంతలో అది మట్టిలో కూలబడింది. నవ్వాలో ఏడవాలో తెలియక నేను అలాగే నిలబడ్డాను.

మా వెనకే వస్తోందేమో, అక్క ఉరికొచ్చింది. సంచిలోంచి చాక్లెట్ తీసి, కాగితం చింపి దాని నోట్లో పెట్టింది. "నములు బిడ్డా, నములు" అంటూ ఇంకొకటి పెట్టింది. నా వైపు చూడనైనా లేదు. కాసేపటికి దాని మొహం తేటపడింది.

నా కళ్లకు మాత్రం ఆ చాక్లెట్లే కనిపించాయి. అంటే అవి ఉన్నాయి! నేను చర్చికి పరుగెత్తి అందరికీ వినబడేలా అరిచాను: "అక్క తాన చాక్లెట్లు ఉన్నయ్! దానికి ఒక్కదానికే ఇచ్చింది!"

అక్క దాని చెయ్యి పట్టుకుని వచ్చేసరికి పిల్లలందరూ చుట్టుముట్టారు. అక్క మొహం ఎర్రబడింది. "నాదే తప్పు" అని ఊరుకుంది. ఎవరికీ చెప్పనని ఆ పిల్ల తల్లికి మాటిచ్చిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. పిల్లకు రోగమని తెలిస్తే నలుగురూ నాలుగు మాటలంటారని ఆ తల్లి భయం.

నా దోస్తే ముందుకొచ్చింది. "నాకు షుగరు. దినాం సూది వేస్తరు. చాక్లెట్లు తినొద్దన్నరు. అందరు తింటుంటే నేనొక్కదాన్నే సూసుకుంట కూసుంటనని అక్క ఎవ్వరికి ఇయ్యలే."

"మరి ఇప్పుడెట్ల తిన్నవ్?" అన్నారెవరో.

దానికీ తెలియదు. అక్క వైపు చూసింది. అప్పుడు అక్క నోరు విప్పింది. "సూది ఏసినంక ఉరికితే ఒంట్ల చక్కెర మస్తు తగ్గుతది. అప్పుడు గిదే మందు. ఇయ్యకుంటే పాణానికే మోసం. దీని సంగతి సోంచాయించకుండ మిమ్ముల ఉరకమన్న సూడు, గదీ నా తప్పు."

తినకూడనిదే మందు ఎలా అవుతుందో ఆ రోజు నా బుర్రకెక్కలేదు. ఒక్కటే అర్థమైంది. వాళ్లింట్లో దాచుకున్న మాటను నలుగురిలో దాని నోటితోనే చెప్పించాను. తలెత్తలేక గోడవారన నిలబడ్డాను. నా దోస్తే నా దగ్గరికి వచ్చి, "అవ్వకు చెప్పనే లేదు గదనే, పోదాం పా" అంది.

ఈసారి నడిచే వెళ్లాం, పిల్లలందరం. అందరం ఒక్కసారే మాట్లాడితే అవ్వకు ముక్క అర్థం కాలేదు. "ఒక్కలు చెప్పున్రి బిడ్డా" అంది. నా దోస్తే చెప్పింది. అవ్వ కళ్లు తుడుచుకుంది.

నా దోస్తు ఇప్పుడు రామంతాపూర్‌లో మనవలతో ఉంటోంది. సూది నేటికీ తప్పలేదు. అక్క మాకు ముందే చెప్పి ఉంటే బాగుండేదా, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడమే మంచిదైందా అని ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఎవరికైనా ఒకరికి విడిగా ఏదైనా దక్కితే ఈ వయసులోనూ నాకు ముందు చుర్రుమంటుంది. అయినా నోరు మెదపను. కోపం దిగాక ఆ మనిషి పక్కన కూర్చుని, ఒంట్లో ఎలా ఉందని అడుగుతాను.