అక్క అడ్రస్‌కు టెస్ట్ మెయిల్

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. కంప్యూటర్ పని నాది. ఏ తప్పుకైనా కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్కదానికే దొరకలేదు.

జనగామలో గది అద్దెకు తీసుకుని, ఒక్కణ్ణే కూర్చుని పీహెచ్‌పీ భాషలో, లారావెల్ అనే సాఫ్ట్‌వేర్ మీద చిన్న చిన్న వెబ్‌సైట్లు చేస్తుంటాను. వెబ్‌సైట్ నుంచి మెయిల్ పోతుందో లేదో తెలియాలంటే ఎవరికో ఒకరికి పంపి చూడాలి. నేను భూపాలపల్లిలో ఉండే మా అక్కకు పంపేవాణ్ణి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. ఏ ఉత్తుత్తి మెయిల్ పంపినా జవాబు ఒకటే: "వచ్చిందిరా. తిన్నవా?"

ఒకసారి విసుక్కున్నాను. "వచ్చిందని చెప్తె చాలక్కా, తిండి ముచ్చట ఎందుకే?"

"నువ్వు తినవని నాకెరుకే, గందుకే" అంది.

పోయిన ఎండాకాలం అక్క చనిపోయింది. ఆ మాట అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు. బావ ఆమె మెయిల్ ఖాతా తీసేయించాడు. నా కోడ్‌లో మాత్రం ఆమె అడ్రస్ అలాగే ఉంచుకున్నాను. నా పనిలో ఆమె మిగిలిన చోటు అదొక్కటే.

మొన్నామధ్య ఒక దవాఖాన వెబ్‌సైట్ చేశాను. అప్పగించే ముందు టెస్ట్ అడ్రస్ తీసేయాలి. మనసొప్పక, ఆఖరిసారి ఒక మెయిల్ పంపాను. నిజానికి అది పంపడం కూడా కాదు. సెట్టింగ్ 'లాగ్' మీద ఉంది. అంటే మెయిల్ బయటికి పోదు, నా కంప్యూటర్‌లోనే ఒక ఫైల్‌లో పడి ఉంటుంది.

పట్టపగలు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

కాసేపటికి ఇన్‌బాక్స్‌లో అక్క పేరు. "వచ్చిందిరా. తిన్నవా?"

సెట్టింగ్ చూస్తే 'లాగ్' మీదే ఉంది. పాత జవాబేదో ఇప్పుడొచ్చి పడిందా అనుకుంటే, కింద నేనిప్పుడు రాసిన మెయిలే ఉంది, అందులో ఆ దవాఖాన పేరుంది. ఆ పని అక్క పోయాక వచ్చింది.

బావకు ఫోన్ చేశాను. "ఖాతా ఎప్పుడో తీసేపిచ్చిన గద. ఏంది బామ్మర్ది, పానం మంచిగుందా?" అన్నాడు. బాగానే ఉందని ఫోన్ పెట్టేసి, గట్టిగా ఏడ్చాను.

తర్వాత లేచి అన్నం వండి, పచ్చిపులుసు చేసుకున్నాను. కంచం పక్కన పెట్టుకుని జవాబు రాశాను: "తింటున్న అక్కా."

అలాంటి అడ్రస్ లేదంటూ అది వెనక్కొచ్చింది.

ముందుది ఎట్లా పోయిందో, ఎవరు చదివారో ఇప్పటికీ తెలియదు. అడ్రస్ తీసేసి పని అప్పగించాను. ఇప్పుడు మధ్యాహ్నం కాగానే లేచి వండుకుంటున్నాను. మళ్లీ అడిగితే తిన్నానని చెప్పాలి కదా.