తరుగు రాసిపెట్టిన అక్క

మీరు చెప్పిన మాట మీరు లేకుండా నిలబడుతుందా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి! మా పక్కింటి అక్క పోయిన వారం కన్నుమూసింది. ఆర్మూరులో పసుపు మీద పరిశోధన చేసిన మనిషి. గుళ్లో పురాణం చెప్పేవాణ్ణి, ఇది ఏడుస్తూ రాయడం లేదు నేను. ఆమె గెలిచింది. ఆ గెలుపు చాటడానికే రాస్తున్నాను.

పసుపును ఎత్తు మడుల మీద పెడితే దుంపకుళ్లు తగ్గి దిగుబడి పెరుగుతుందా అన్నది ఆమె ప్రశ్న. రైతుల చేలలో తవ్విన పసుపు తూకాలు కంప్యూటర్‌లో ఎక్కించి, లెక్కకట్టే కోడ్ తానే రాసింది. పెరుగుతుందని తేలింది. దూరాన ఉన్న ఒక కాలేజీకి ఆ కోడ్‌నూ, పొలంలో రాసిన తూకాల చీటీలనూ పంపింది. వాళ్ల దగ్గర ఆ ఫలితం రాలేదు! తమ చేతుల్లో కూడా అదే జవాబు వస్తే తప్ప ఈ పద్ధతి రైతులకు చెప్పే వీలు లేదన్నారు. ఏళ్ల కష్టం మట్టిపాలయ్యే గడియ అది.

తప్పు ఎక్కడుందో ఆమే పట్టింది. మన దగ్గర పచ్చి పసుపు తూచగానే సంచికింత, అంటిన మట్టికింత అని నోటితోనే తరుగు తీసేస్తాం. ఏర్గట్లలో పసుపు రైతు ఇంట పుట్టిన ఆమెకూ అదే అలవాటు. తరుగు మనసులోనే, సంచికో తీరుగా తీసి, మిగిలింది కంప్యూటర్‌లో ఎక్కించింది; చీటీల్లో మాత్రం మొత్తం తూకమే ఉంది.

"అక్కా, తరుగు అందరు తీస్తరు గదా, గిండ్ల తప్పేముంది?" అన్నాను గోడ మీదుగా.

"నా మనసుల తీసిన తరుగు గా కంప్యూటర్‌కు ఎట్ల ఎర్కయితది తమ్మీ? నువ్వు రోజుకో తీరుగ కథ చెప్పినా జనం దండం పెడ్తరు. నా కోడ్ గట్ల చేస్తె రైతు మునుగుతడు."

చేతిలోని పురాణ గ్రంథం మూసి గోడ మీద పెట్టాను!

చీటీల్లోని తూకాలు ఉన్నవి ఉన్నట్టే మళ్లీ ఎక్కించింది. ఇక వాటిని ముట్టుకోలేదు. కొన్ని సంచుల పసుపు కడిగించి మట్టి ఎంతో తూచింది. తరుగు ఎంతో, ఎందుకో కోడ్‌లోనే ఒక్కచోట రాసి, అన్ని మడులకూ ఒకే తీరుగా తీయించింది. 'ఎక్స్', 'కొత్త ఎక్స్', 'అసలు ఎక్స్' అని కోడ్‌లో అంకెలకు పెట్టిన పేర్లు పోయి 'పచ్చి తూకం', 'సంచి బరువు' వచ్చాయి. ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో కూడా రాసింది. దిగుబడి మొదట అనుకున్నంత పెరగలేదు, అయినా పెరిగింది!

"తగ్గితె తగ్గనీ తమ్మీ. నిజం ఉంటె సాలు," అని నవ్వింది.

తన ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయికి ల్యాప్‌టాప్ ఇచ్చి కోడ్ నడిపించమని, తాను బయట చాయ్ తాగుతూ కూర్చునేది. ఎందుకని అడిగితే, "పక్కన కూసుంటె నా నోరు ఆగది. నోటితోని నడిచేది కోడ్ గాదు" అనేది.

కొత్త కోడ్ పంపిన కొన్నాళ్లకే దవాఖానలో చేరింది. తిరిగి రాలేదు. దహనం ముగిసిన సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది. "వచ్చింది సార్! కాలేజోళ్లకు గదే జవాబు, చివరి అంకె దాకా! మేడంను ఒక్క మాట గూడ అడిగే పని పడలేదంట!"

వినండి! మంత్రం మనదాకా ఎలా వచ్చింది? చెప్పిన ఋషి పోయాడు. ఏ అక్షరం ఎలా పలకాలో అప్పగించి పోయాడు. అక్క చేసిందీ అదే. చావు ఆమెను తీసుకుపోయింది, ఆమె లెక్కను ముట్టుకోలేకపోయింది. ఈ తొలకరికి సిరికొండ చేలలో ఎత్తు మడులు వరసగా లేస్తాయి.

లెక్కలు కట్టే బిడ్డలారా, రేపనకండి! ఇవాళే, పొద్దుగూకకముందే, మీ ఒక్కరికే తెలిసినదంతా కోడ్‌లోకి దించండి. మీరెరగని మనిషిని పిలిచి ముందు కూర్చోబెట్టండి. మీరు లేచి బయటికి నడవండి!