బతికిన చేపలు

ఒక ఆడమనిషి కాపురం నా నోటి మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు నేను నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. వినండి, చాలు.

తొంభైల్లో తిరుపతిలో చేపల మీద పరిశోధన చేసేదాన్ని. చేపలకు రోగక్రిమిని సూదితో ఎక్కించి, తట్టుకుని బతికినవాటి రక్తంలో క్రిమిని చంపే ప్రోటీన్లు ఎంత పెరిగాయో చూడటం నా పని. చంద్రగిరి అవతల ఒక ఊరి చెరువును వేలంలో పాట పాడుకున్న చెంగయ్య నాకు పిల్లచేపలు ఇచ్చేవాడు. ఆయన భార్య కుప్పమ్మ సంగటి పెట్టకుండా నన్ను ఏనాడూ పంపలేదు.

రక్తం తీశాక బతికిన చేపలను చంపి, సున్నం వేసి పూడ్చెయ్యాలని మా సారు మరీ మరీ చెప్పాడు. ఆ రోజు వెంకన్నకు మొక్కే తిరుమల శనివారం. ఇంట్లో పూజ చేసుకుని, ఒక్కపొద్దుండి వచ్చాను. చంపడానికి చేతులు రాలేదు. ఇంత రోగాన్ని గెలిచాయి, వీటి రక్తంలో కావలసినంత బలముంది, ఇక వీటికేం కాదు అనుకున్నాను. డబ్బాలో తీసుకెళ్లి, ఎవరికీ చెప్పకుండా చెంగయ్య చెరువులోనే వదిలాను. పుణ్యం చేశానని మురిశాను కూడా. నిజమే, వాటికేం కాలేదు. కానీ వాటి ఒంట్లో దాగిన క్రిమి పక్క చేపలకు అంటుతుందని నేను చదవలేదా? చదివాను. ఆ పూట గుర్తు రాలేదో, గుర్తొచ్చినా పక్కకు నెట్టేశానో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కొన్నాళ్లకు చెరువు నిండా చచ్చిన చేపలు తేలాయి. పొట్టల మీద ఎర్రటి పుండ్లు. కబురందుకుని వెళ్లాను. చూడగానే తెలిసిపోయింది. ఊళ్లో అప్పటికే తీర్పయిపోయింది. కుప్పమ్మ ముట్టయి ఉండి చెరువులో దిగిందట, గంగమ్మకు కోపమొచ్చిందట. చెంగయ్య ఆమె మొహం చూడటం లేదు. ఆమె కట్ట కింద దూరంగా నిలబడి నన్ను అడిగింది.

“పాపా, సదువుకున్నదానివి. నిజం సెప్పు. నేను నీళ్లల్లో దిగినందుకే సచ్చినాయా?”

చెంగయ్య తలెత్తి నా వైపు చూశాడు. నేనేం చెబితే అది నమ్మేవాడు.

“నాకు తెలీదక్కా” అన్నాను.

కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే, మరి దేనివల్ల అని అడుగుతారు. అడిగితే నా చదువు మంటగలుస్తుంది. అంతే, ఆ భయం. ఛీ.

చెంగయ్య ఆమెను గుడియాత్తం దగ్గర పుట్టింటికి పంపేశాడు. మళ్లీ తెచ్చుకోలేదు. నాకు పట్టా వచ్చింది. చాలా ఏళ్లకు ధైర్యం చేసి ఆ పుట్టింటి ఊరు వెతుక్కుంటూ పోతే, కుప్పమ్మ చనిపోయిందని ఆమె చెల్లెలు చెప్పింది. ఎంత పిలిచినా అక్కడి చెరువు వైపు కూడా వచ్చేది కాదట, నేనొస్తే చేపలు చస్తాయి అనేదట. మీరెవరని ఆ చెల్లెలు అడిగింది. తెలిసినవాళ్లమని చెప్పి వచ్చేశాను.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు కదా. ఆ చేపలను చంపింది నేను. ఈ మాట రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. కుప్పమ్మకు నేను ఆ మాత్రం కూడా ఇవ్వలేదు.